ఉదయపు పరుగు – ఊరి వనం



"ఆరోగ్యమే మహాభాగ్యం" అని పెద్దలు ఊరికే అనలేదు. చదువైనా, ఉద్యోగమైనా, సంసారమైనా నిలవాలంటే ముందు ఒంట్లో బలం ఉండాలి. మన హాస్టళ్లలో తెల్లవారుజామున లేచి పరుగెత్తే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. ప్రతి వర్షాకాలం మొక్కలు నాటే కార్యక్రమమూ జరుగుతూనే ఉంది. కానీ పరుగుది ఒక దారి, మొక్కలది ఒక దారి అయిపోయింది. ఉద్యోగాల నోటిఫికేషన్ వస్తేనే గ్రౌండు నిండుతుంది. మొక్క నాటిన రోజు ఉన్న సందడి మరుసటి వేసవికి ఉండదు.

ఈ రెండింటినీ కలపవచ్చు. వారానికి రెండుసార్లు గుంపుగా పరుగెత్తుకుంటూ ఊరి వనానికి వెళ్లి, కాసేపు పనిచేసి, మళ్లీ పరుగెత్తుకుంటూ హాస్టల్‌కు రావడమే ఆ పద్ధతి. దాన్ని ఎలా నడపాలో ఈ వ్యాసంలో తెలుసుకుందాం. దానితోపాటు, సంక్షేమ హాస్టల్ పిల్లలమైన మనం ఇలాంటి పనికి ఒప్పుకునే ముందు ఏయే ప్రశ్నలు అడగాలో కూడా తెలుసుకుందాం. ఈ రెండో విషయమే ఎక్కువ ముఖ్యమైనది.

1. పరుగు ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరం. ఉదయం స్టడీ అవర్, బడి, సాయంత్రం స్టడీ అవర్ అంటూ రోజంతా కూర్చొనే మనకు ఆ గంట దొరకడం కష్టం.

మనలో చాలామందికి పరుగు బతుకుదెరువుతో ముడిపడిన విషయం కూడా. తెలంగాణలో 2022 కానిస్టేబుల్ నియామకాల్లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాల్సి వచ్చింది. లెక్క కడితే 400 మీటర్ల ఒక్కో చుట్టుకు అబ్బాయిలకు దాదాపు 1 నిమిషం 49 సెకన్లు, అమ్మాయిలకు 2 నిమిషాల 40 సెకన్లు. నోటిఫికేషన్ వచ్చాక నెల రోజుల్లో సాధించాలనుకుంటే మోకాళ్లు, పిక్కలు పట్టేస్తాయి. ఏడాది పొడవునా నెమ్మదిగా పరుగెత్తినవారికి ఆ వేగం చివరి రెండు మూడు నెలల సాధనతో అందుతుంది. నెమ్మది అంటే ఎంత? పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే అదే సరైన వేగం. ఆయాసంతో మాట ఆగిపోతే వేగం తగ్గించాలి.

పాఠశాల వయసులో చేసిన సాధన ఎంత ఎత్తుకు తీసుకుపోతుందో మనకు తెలియనిది కాదు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. వాళ్లు కొండలెక్కే తొలి పాఠాలు నేర్చుకున్నది ఎక్కడో హిమాలయాల్లో కాదు, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని మన భువనగిరి గుట్ట మీద.

2. మొక్క ఎందుకు బతకడం లేదు?

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు మెట్ట ప్రాంతం. ఏడాది వర్షపాతం 600 నుంచి 750 మిల్లీమీటర్ల వరకే. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే కురిసిపోతుంది. మన ఎర్ర చెలకలు, రాళ్ల నేలలు నీటిని ఎక్కువ రోజులు పట్టి ఉంచవు. జూలైలో నాటిన మొక్క దసరా దాకా వానతో బతుకుతుంది. సంక్రాంతి దాటాక దానికి మనిషి నీళ్లు పోయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో పది రోజులు మరిచిపోతే మొక్క మాడిపోతుంది. వేరు లోతుకు దిగేదాకా, అంటే కనీసం రెండు వేసవులు ఇలా కాపాడాలి.

తెలంగాణకు హరితహారం కార్యక్రమం 2015 జూలై 3న మొదలైంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రతి గ్రామానికి నర్సరీ ఉండాలని, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలని చెప్పింది. 2020 నుంచి గ్రామగ్రామాన పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. మహబూబ్‌నగర్ పట్టణం పక్కన అప్పన్నపల్లి అడవిలో 2,000 ఎకరాలకు పైబడిన ఎకో పార్కు ఏర్పడింది. పెద్ద పార్కుకు సిబ్బంది ఉంటారు, టికెట్టు ఉంటుంది. ఊరి చివర ఎకరంలోనో అర ఎకరంలోనో ఉన్న చిన్న వనానికి ఎవరున్నారు? పంచాయతీ ట్యాంకర్ వచ్చినన్ని రోజులు అది పచ్చగా ఉంటుంది, రాని రోజుల్లో ఎండుతుంది. నాటిన రోజు ఫొటో దిగి మళ్లీ ఆ వైపు చూడకపోతే అది "చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్లే" అవుతుంది.

పెద్ద చెట్టు సంగతి కూడా అంతే. దాదాపు 700 ఏళ్ల వయసుందని చెప్పే మన పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడ్డాయి. 2018లో ఆస్పత్రిలో రోగికి సెలైన్ ఎక్కించినట్లు సీసాలు వేలాడదీసి, చెదలమందు కలిపిన నీటిని చుక్కచుక్కగా చెట్టులోకి ఎక్కించి కాపాడారు. అంతటి మానుకే మనిషి సాయం కావలసి వస్తే, మోకాలెత్తు మొక్క సంగతి వేరే చెప్పాలా?

3. రెండూ కలిసిన చోట్లు

పరుగునూ పనినీ కలపడం ఇతర దేశాల్లో కూడా చేసి చూశారు. ఇంగ్లండ్‌లో 1998లో విలియం బర్డ్ అనే వైద్యుడి ఆలోచనతో "గ్రీన్ జిమ్" మొదలైంది. వ్యాయామం అవసరమైనవారు జిమ్ముకు పోకుండా చెట్లు నాటడం, పొదలు కొట్టడం వంటి పనుల్లో పాల్గొంటారు. తర్వాత దాదాపు పదేళ్లకు లండన్‌లో ఐవో గోర్మ్‌లీ "గుడ్ జిమ్" ఆరంభించాడు. అందులో గుంపుగా పరుగెత్తుతూ ఒక తోటకో పార్కుకో చేరి, ఎరువు మోసి, కలుపు తీసి, మళ్లీ పరుగెత్తుతూ వెనక్కి వస్తారు. స్వీడన్‌లో 2016లో ఎరిక్ ఆల్‌స్ట్రోమ్ పరుగెత్తుతూ చెత్త ఏరడాన్ని ప్రచారంలోకి తెచ్చి దానికి "ప్లాగింగ్" అని పేరు పెట్టాడు. మన దేశంలో గాంధీజీ 150వ జయంతి నాడు, 2019 అక్టోబరు 2న, ఫిట్ ఇండియా ప్లాగ్ రన్ జరిగింది.

వీటి కిటుకు చిన్నదే. ఒంటరిగా పరుగెత్తేవాడికి చలి పెట్టిన రోజు దుప్పటి తీయబుద్ధి కాదు. అవతల మొక్క ఎండుతుందని, ఇవతల జట్టు ఎదురుచూస్తుందని తెలిస్తే లేస్తాడు. మొక్కకేమో వారం తప్పకుండా వచ్చే చేతులు దొరుకుతాయి. అంటే ఒకదాని క్రమశిక్షణ ఇంకొకదానికి ఉపయోగపడుతుంది.

అయితే లండన్‌లో ఆఫీసు ఉద్యోగి పార పట్టుకోవడానికీ, మన హాస్టల్ పిల్లవాడు పార పట్టుకోవడానికీ తేడా ఉంది. ఆయనను ఏ పూర్వీకుల కాలంలోనూ "నువ్వు ఈ కులంలో పుట్టావు కాబట్టి ఈ పని చెయ్" అని ఎవరూ అనలేదు. మన తాతలను అన్నారు. అందుకే తర్వాతి భాగాన్ని శ్రద్ధగా చదవండి.

4. వెట్టి వేరు, శ్రమదానం వేరు

నిజాం కాలంలో తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరి ఉండేది. దొరలకు, అధికారులకు మాదిగ, మాల కుటుంబాలు, ఇతర వృత్తుల వాళ్లు కూలి లేకుండా మూటలు మోశారు, కబుర్లు మోశారు, చెప్పులు కుట్టి ఇచ్చారు, పొలాల్లో చాకిరి చేశారు. కాదనే హక్కు వాళ్లకు లేదు. 1946 నుంచి 1951 వరకు సాగిన రైతాంగ సాయుధ పోరాటంలో వెట్టి రద్దు ముఖ్యమైన డిమాండు. ఆ పోరాటానికి నల్లగొండ ప్రధాన కేంద్రం. డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షతన ముసాయిదా రూపొందిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని, నిర్బంధ శ్రమను నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది.

నిర్బంధం అంటే కర్ర పట్టుకొని బెదిరించడమే కాదు. ఆసియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, ఆకలి, పేదరికం వల్ల వేరే దారి లేక తక్కువ కూలికి చేసే పని కూడా నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని చెప్పింది. దీన్ని మన హాస్టల్‌కు అన్వయించుకుందాం. "రాకపోతే సీటు పోతుందేమో, సార్‌కు కోపం వస్తుందేమో" అనే భయంతో చేసే పనిని శ్రమదానం అనలేం. కాదనగలిగినవాడు ఇచ్చినప్పుడే అది దానం.

అదే 23వ అధికరణం రెండో భాగంలో ఇంకో మాట ఉంది. ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవ విధించవచ్చు, కానీ అందులో మతం, జాతి, కులం, వర్గం ఆధారంగా వివక్ష చూపరాదు. మరోవైపు 51-ఎ (జి) అధికరణం అడవులను, ప్రకృతిని కాపాడటం ప్రతి పౌరుడి బాధ్యత అంటుంది. "ప్రతి పౌరుడు" అనే మాటను గమనించండి. ఊరి వనం ఊరందరిది కాబట్టి దానికి నీళ్లు పోసే బాధ్యత కూడా ఊరందరిదీ.

కాబట్టి ఏ జట్టైనా మొదలయ్యే ముందు ఈ ఐదు నియమాలు కాగితం మీద రాసుకొని నోటీసు బోర్డుకు అంటించాలి.

(అ) ఇష్టమున్నవారే రావాలి. రానివారిని ఎవరూ నిలదీయకూడదు. రానందుకు మార్కులు, భోజనం, సీటు ఏదీ తగ్గకూడదు.

(ఆ) వనంలో పనిని ఎవరికీ శిక్షగా వేయకూడదు. ఆలస్యంగా వచ్చినవాడికి పది బకెట్లు మోయమని చెబితే ఆ రోజు నుంచి జట్టు మీద గౌరవం పోతుంది.

(ఇ) హాస్టల్ పిల్లలు మాత్రమే ఉండే జట్టు వద్దు. ఊరి ఉన్నత పాఠశాల పిల్లలు, అన్ని వాడల యువకులు కలిసి పరుగెత్తాలి. ఒకే పార అందరి చేతులూ మారాలి.

(ఈ) మరుగుదొడ్లు, మురుగు కాలువల పని మన జట్టుది కాదు. అది జీతం తీసుకొని, తగిన పరికరాలతో చేయవలసిన పని. "మీకు అలవాటే కదా" అని ఎవరైనా అంటే మర్యాదగానే, గట్టిగానే కాదని చెప్పాలి.

(ఉ) కూలి పనిని ఉచితంగా చేసి కూలీల నోటికాడి ముద్ద తీయకూడదు. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చింది. అప్పటి నుంచి మన అమ్మానాన్నల్లో ఎంతోమంది గుంతలు తీసి, నర్సరీలు పెంచి కూలి తీసుకున్నారు. గుంతలు తవ్వడం, కంచె వేయడం వంటి పెద్ద పనులు కూలికి చేసేవారివి. పాదు సరిచేయడం, నీళ్లు పోయడం, ఆకులు కప్పడం, లెక్క రాయడం మనవి.

ఈ ఐదు నియమాలకు ఒప్పుకోని చోట పరుగు మాత్రం చేయండి. పని జోలికి వెళ్లవద్దు.

5. జట్టును ఎలా నడపాలి?

20 మంది చాలు. వార్డెన్ సార్ లేదా పీడీ సార్ అనుమతి, పంచాయతీ కార్యదర్శి అనుమతి ముందుగా తీసుకోవాలి. హాస్టల్ నుంచి 2 కిలోమీటర్ల లోపు ఉన్న వనాన్నో, బడి తోటనో, చెరువు కట్టనో ఎంచుకోవాలి. వారంలో బుధవారం, ఆదివారం పెట్టుకుంటే నడుమ విశ్రాంతి దొరుకుతుంది.

సమయం ఇలా పంచుకోవచ్చు. 5:45కు లేచి వచ్చి 10 నిమిషాలు కాళ్లు, నడుము కదిలించడం. 15 నిమిషాల్లో 2 కిలోమీటర్ల నెమ్మది పరుగు. 6:10 నుంచి 6:35 వరకు పని. తిరుగు పరుగు, చివరి 200 మీటర్లు నడక. 6:55కు హాస్టల్. స్నానం, టిఫిన్, బడి దేనికీ ఆటంకం ఉండదు. డిసెంబరు, జనవరిలో సూర్యోదయం 6:30 దాటాకే కాబట్టి చీకట్లో రోడ్డు మీదికి పోకుండా బుధవారం పరుగును సాయంత్రానికి మార్చుకోవాలి. పరీక్షల నెలలో ఆదివారం ఒక్కటే చాలు, అదీ వంతులవారీగా.

నీళ్ల లెక్క చూద్దాం. జట్టు 40 మొక్కలను దత్తత తీసుకుందనుకోండి. ఒక్కో మొక్కకు ఒక్కో రాకకు 10 లీటర్లు అంటే మొత్తం 400 లీటర్లు. 10 లీటర్ల బకెట్లు 40. 20 మందికి తలా రెండు బకెట్లు. చిన్నపిల్లలైతే ఇద్దరు కలిసి ఒక బకెట్ పట్టుకోవాలి. పావుగంటలో పని అయిపోతుంది. వనం దగ్గర నీటి తొట్టి లేకపోతే ఆ రెండు రోజులకు ట్యాంకర్ పంపమని పంచాయతీకి దరఖాస్తు ఇవ్వాలి. నీళ్లు మోసుకుంటూ పరుగెత్తకూడదు.

పాదు మొదలుకు ఆనుకొని కాకుండా జానెడు దూరంగా చుట్టూ చేయాలి. నీళ్లు పోశాక ఎండుటాకులు, గడ్డి నాలుగు వేళ్ల మందాన కప్పితే తేమ త్వరగా ఆరదు. కొత్తగా నాటేటప్పుడు మన నేలకు అలవాటైన వేప, కానుగ, చింత, జమ్మి, సీతాఫలం అడగండి. బాలానగర్ సీతాఫలం పేరు దేశమంతా తెలిసిందే. పైగా సీతాఫలం ఆకును మేకలు ముట్టవు, కంచె లేని చోట అదే పెద్ద మేలు. గట్ల మీద తంగేడును పీకవద్దు, బతుకమ్మకు అదే కావాలి.

జట్టుకు ఒక నోటుబుక్కు ఉండాలి. మొక్క నంబరు, పేరు, నాటిన తేదీ, నెల నెలా ఎత్తు, బతికిందా లేదా అన్న గళ్లు గీయండి. 40లో 34 బతికితే 85 శాతం. శాతాలు, సగటు, గ్రాఫు పాఠాలకు ఇంతకంటే మంచి లెక్కలు దొరకవు. అలాగే ఎవరు ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తారో మరో పేజీలో రాయండి. చెట్ల ఎత్తు, మన దమ్ము పక్కపక్కనే పెరగడం కనిపిస్తుంది.

6. జాగ్రత్తలు

రక్తహీనత: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. జట్టులో చేరే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవాలి. కళ్లు తిరిగేవారు, త్వరగా ఆయాసపడేవారు డాక్టరు చెప్పేదాకా పరుగు మాని నోటుబుక్కు బాధ్యత తీసుకోవచ్చు. ఖాళీ కడుపుతో వెళ్లకుండా నాలుగు పల్లీలు, చిన్న బెల్లం ముక్క తినాలి.

నీళ్లు: తాగే నీళ్లు హాస్టల్ నుంచే తీసుకుపోవాలి. నల్లగొండ ప్రాంతంలో చాలాచోట్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మొక్కకు పోసే బోరునీళ్లు మనం తాగవద్దు.

ముళ్లు, కలుపు: చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ ముళ్లు పలుచని చెప్పులను దాటి దిగుతాయి. కాన్వాస్ బూట్లు లేనివారు గ్రౌండులోనే పరుగెత్తాలి. వయ్యారిభామ మొక్క తగిలితే ఒంటిమీద దద్దుర్లు, ఉబ్బసం రావచ్చు. దాన్ని పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకొని పీకాలి. ఉబ్బసం ఉన్నవారు దాని జోలికి పోకూడదు.

చెత్త: ప్లాస్టిక్ కవర్లు ఏరవచ్చు. పత్తి చేల పక్కన పడేసిన పురుగుమందు డబ్బాలను, పగిలిన సీసాలను మాత్రం ముట్టుకోవద్దు. వాటి చోటు గుర్తుపెట్టుకొని పంచాయతీకి చెప్పాలి.

పాములు, తేళ్లు: ఆకుల కుప్పలో చేయి పెట్టే ముందు కర్రతో కదిలించాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం చేయరాదు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

బాలికల హాస్టళ్లు: మేడమ్ లేదా నమ్మకమైన పెద్దవారు తోడు లేకుండా రోడ్డు మీదికి వెళ్లవద్దు. హాస్టల్ ఆవరణలోనే చుట్లు పరుగెత్తి, అక్కడే కరివేపాకు, మునగ, బొప్పాయి పెంచవచ్చు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు వాటికి చాలు. ఆ మునగాకు మన పప్పులోకే వస్తుంది.

7. పూర్వ విద్యార్థులు ఏం చేయగలరు?

అన్నలారా, అక్కలారా! వార్షికోత్సవానికి వచ్చినప్పుడు శాలువాల బదులు 20 జతల కాన్వాస్ బూట్లు తీసుకురండి. పోలీసు శాఖలో, సైన్యంలో ఉన్నవారు నెలకు ఒక ఆదివారం వచ్చి తమ్ముళ్లతో, చెల్లెళ్లతో పరుగెత్తండి. మీరు ఈవెంట్స్ ఎలా దాటారో పరుగెత్తుతూ చెప్పండి. వేసవి సెలవుల్లో హాస్టల్ మూతపడుతుంది. మొక్కలు ఎక్కువగా చనిపోయేది ఆ రోజుల్లోనే. ఊళ్లో ఉన్న పూర్వ విద్యార్థులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా వంతులు వేసుకొని నీళ్లు పోస్తే ఈ పథకం మొత్తం నిలబడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పైన చెప్పిన ఐదు నియమాలు ఎక్కడైనా తప్పితే పిల్లల తరఫున మాట్లాడండి. చిన్నవాళ్లు చెప్పలేని మాట మీరు చెప్పగలరు.

విద్యార్థి మిత్రులారా! మన తాతల చెమట ఇంకొకరి గడీలకు, గాదెలకు పోయింది. మన చెమట ఎక్కడ పోయాలో తేల్చుకునే హక్కు రాజ్యాంగం మనకిచ్చింది. ఇష్టపడి, నలుగురితో సమానంగా పోసిన చెమటకు గౌరవం ఉంది. అలా పెరిగిన చెట్టు కింద ఊరి పిల్లలందరూ ఒకే నీడలో కూర్చుంటారు. ఈ ఆదివారం నుంచే మొదలుపెడదాం.

ఆలోచించి రాయండి:

1. మీ ఊరి వనంలో ఎన్ని మొక్కలు నాటారు? ఇప్పుడు ఎన్ని బతికి ఉన్నాయి? శాతం కట్టండి.
2. శ్రమదానానికి, వెట్టికి తేడాను మీ ఇంటి పెద్దవారిని అడిగి ఒక పేజీలో రాయండి.
3. మీ హాస్టల్ జట్టుకు ఆరో నియమం చేర్చాలంటే ఏం చేరుస్తారు? ఎందుకు?